ధనుష్కోడిలో రాసుకున్న పేరు

నన్ను మోసం చెయ్యడం అంత తేలిక కాదు. ఈ మాట నేనే పదిమందికీ చెప్పుకుని తిరిగాను, అదే నా కొంప ముంచింది. పదహారేళ్ళుగా కోరుట్ల బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెబుతున్నదాన్ని. తన పలక తనే పగలగొట్టుకుని పక్కవాడి మీద చెప్పే పిల్లలు, కడుపునొప్పని ఇంటికి పోయి గోలీలాడే పిల్లలు, అందరూ నా చేతి కింద పెరిగినవాళ్ళే. నాకు తెలియని దొంగవేషాలు లోకంలో ఇంకా ఏం మిగిలాయిలే అనుకునేదాన్ని.

తొంభై ఒకటి జనవరి ఆఖర్లో సాయన్న యాత్రా బస్సు కోరుట్ల నుంచి రామేశ్వరం బయలుదేరింది. సాయన్న ఏటా ఒక బస్సు మాట్లాడి, వంటమనిషినీ బియ్యం బస్తాలనూ వేసుకుని, నలభై మందిని దక్షిణాదికి తీసుకుపోయి తెచ్చేవాడు. అందరూ పుణ్యానికి ఎక్కారు. నేను మాత్రం మా ఆయన కోసం ఎక్కాను.

మా ఆయన దశరథం దర్జీ. పుట్టింది చందుర్తిలో, మగ్గం నేసే ఇంట్లో. రెండేళ్ళ కింద ఎక్కడో అడవిలో పోలీసులకు ఒక అంగీ దొరికింది. గోలీ తగిలి తప్పించుకుపోయిన నక్సలైట్ అన్నలలో ఒకడిదట అది. కుట్టు చూసి, ఇది కోరుట్ల దశరథం కుట్టే అని ఎవడో చెప్పాడు. కళ్ళకు గంతలు కట్టి తీసుకుపోయారు. ఎక్కడికో ఆయనకూ తెలియదు. ఆ గాయపడ్డవాణ్ణి దాచిందెవరో చెప్పమని పదకొండు రోజులు కొట్టారు. ఊరందరికీ బట్టలు కుడతాను, ఎవరు తొడుక్కున్నారో నాకేం తెలుసు అన్న ఒక్క మాట తప్ప ఆయన నోటి నుంచి ఇంకోటి రాలేదు. అరికాళ్ళు పాడైపోయి ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత సూదిలో దారం ఎక్కించాలంటే చేతులు వణికేవి. నవ్వడం అసలే మానేశాడు.

నన్ను కూడా ఇంటికొచ్చి మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ "నాకేం ఎరుక లేదు సార్" అన్నాను. అది నిజం కాబట్టి గొంతు తడబడకుండా వచ్చింది. మా ఆయనకూ ఏమీ తెలియదని, చెప్పడానికి ఏమీ లేక అన్ని దెబ్బలు తిన్నాడని నా నమ్మకం. ఆ కడుపుమంటతోనే రెండేళ్ళు బతికాను. నాలుగు రోజులు సముద్రం చూస్తే మనిషి తిరిగి మనిషవుతాడేమోనని, వద్దంటున్నా వినకుండా టికెట్లు కొన్నాను.

బయలుదేరే ముందు మా పాత హెడ్మాస్టరు లక్ష్మీరాజం సార్ నన్ను పిలిచి కూచోబెట్టాడు. ఆయన ముందటేడు ఇదే బస్సులో పోయి అడుగడుగునా మోసపోయి వచ్చిన పుణ్యాత్ముడు.

"రాస్కో రాజమణీ," అన్నాడు. "నీళ్ళల్ల తేలే రాయి అని జూపిస్తరు, అది ఉత్త పగడపు గుల్ల. కుడిదిక్కు తిరిగిన శంఖం అంటరు, నమ్మకు, నేను రెండు తెచ్చి ఇంట్ల పడేసిన. గుడి మూసిన్రు, ఇంకో దారి జూపిస్త అంటడొకడు. ఆని ఎంబడి పోయినవో, ముత్యాల దుకాణంల దేలుతవ్. అక్కా, అన్నా అని ఊకె మాట కలిపేటోడు ఉంటడు సూడు, గాడు అందరికంటె పెద్ద దొంగ."

అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. దొంగపోలీసు అన్న మాట అందులో లేదు. పాపం, సార్‌కు ఆ ఒక్క మోసమే తగల్లేదు.

పాంబన్ వంతెన దగ్గర పోలీసులు బస్సెక్కారు. లంక నుంచి పడవల్లో జనం తప్పించుకుని వస్తున్న రోజులవి. ద్వీపంలోకి పోయే ప్రతి బండినీ చూస్తున్నారు. ఆ పోలీసు సీట్ల కింద టార్చి వేసి చూసి, ఎవరినీ ఏమీ అనకుండా దిగిపోయాడు. మా ఆయన మాత్రం అతను దిగినాక కూడా చాలాసేపు నా చెయ్యి వదలలేదు.

కానీ సముద్రం చూశాక ఏం జరిగిందో చెబితే మీరు నమ్మరు. పొద్దున అగ్నితీర్థం దగ్గర, పాడైన ఆ కాళ్ళతోనే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగాడు. అల వచ్చి నడుము దాకా తడిపింది. అంతే, పకపకా నవ్వాడు. రెండేళ్ళయింది ఆ నవ్వు విని.

"ఓ రాజమణీ, గిన్ని నీళ్ళు! గివి ఎవ్వలియి కావు గదనే!" అన్నాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఊళ్ళో ఏదైనా ఎవరో ఒకరిది. పగలు ఒకరిది, రాత్రి ఇంకొకరిది. ఎవరితో మాట్లాడాలన్నా ముందు నాలుగు దిక్కులా చూసుకోవాలి. ఇక్కడ ఎవరూ లేరు. ఆ గాలి తగిలేసరికి నాకు కూడా నోటికి తాళం తీసినట్టయింది. నా నోరు పడిపోను, అక్కడే ఆగితే బాగుండేది.

అప్పటికే సామేలు అనే గైడు మా వెంట పడ్డాడు. ముప్పై ఏళ్ళ మనిషి, తెలుగు ముక్కలు బాగా పట్టుకున్నాడు. అక్కా అక్కా అని చంకలో సంచీ కూడా లాక్కుని మోశాడు. తేలే రాయి చూపించాడు. పగడపు గుల్ల అన్నాను. శంఖం తెచ్చాడు. మా సార్ ఇంట్లో రెండున్నాయన్నాను. గుడి మూసేశారన్నాడు. అయితే గంట ఎవడు కొడుతున్నాడురా అన్నాను. మా బస్సులో ఉన్న శంకరవ్వ అనే ముసలామె పగలబడి నవ్వింది. నేను ఒక్కో మోసాన్నీ నోటుబుక్కులో టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఎంత గర్వమో!

"మీరు చాలా తెలివైనవాళ్ళక్కా. మీది ఏ ఊరు?" అన్నాడు సామేలు చివరికి.

నేను ఊరుకోవచ్చు కదా! "కోరుట్ల, కరీంనగర్ జిల్లా. మా దిక్కు అచ్చి సూడు తమ్మీ. పగలు పోలీసోళ్ళు, రాత్రి అన్నలు. గీ మా ఆయనను పదకొండు దినాలు పట్టుకపోయి కొడితె ఒక్క పేరు జెప్పలే. గసొంటోళ్ళం మేము. మమ్ముల నువ్వేం మోసం జేస్తవ్?" అన్నాను.

మా ఆయన నవ్వు ఆగిపోయింది. "ఎందుకే గవన్నీ?" అన్నాడు.

"గీడ ఎవలున్నరయ్యా వినేటందుకు?" అన్నాను.

సామేలు ఆయన అరికాళ్ళ వంక చూశాడు. పాపం అన్నా అని జాలిపడ్డాడు. ఆ జాలికి కూడా నేను పొంగిపోయాను.

మర్నాడు పొద్దున ధనుష్కోడి పోదామన్నాడు. ఇరవై ఆరేళ్ళ కిందటి తుఫానులో కొట్టుకుపోయిన ఊరు అది. ఇసుకలో పోయే పాత వ్యాను ఒకటి మాట్లాడాడు. మా బస్సులో పదిమంది దాకా వచ్చారు. అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. పైకప్పు లేని చర్చి గోడలు, అటూ ఇటూ సముద్రం, మధ్యన ఈ ఎర్రటి ఎండ. మిగతావాళ్ళంతా నేల అంచు చూద్దామని శంకరవ్వను చెయ్యి పట్టుకుని నడిపిస్తూ ముందుకు పోయారు. మా ఆయనకు ఇసుకలో అడుగు పడక చర్చి గోడ నీడలో కూచున్నాడు. నేను పక్కన కూచుని పల్లీలు ఒలుస్తున్నాను. సామేలు మంచినీళ్ళు తెస్తానని గోడ వెనక్కి పోయాడు.

తిరిగి వచ్చినప్పుడు అతని వెనక ఇంకొకడున్నాడు. తెల్లచొక్కా, ఖాకీ ప్యాంటు, పోలీసులు తొడిగే ఎర్ర బూట్లు, మెడ దాకా గొరిగిన జుట్టు, చేతిలో బెత్తం.

"అక్కా, సీఐడీ సార్. ఊరికే అడుగుతారు, చెప్పెయ్యండి," అన్నాడు సామేలు. గొంతు తగ్గించి, భయపడుతున్నట్టే అన్నాడు.

నేను లేచి, ఏమడుగుతావో అడుగు అనబోయాను. పక్కకు చూసి ఆగిపోయాను. ఎవరూ చెప్పకుండానే మా ఆయన నీడలోంచి ఎండలోకి జరిగి, మునివేళ్ళ మీద గొంతుకూచుని, రెండు చేతులూ తల వెనక పెట్టుకున్నాడు. తల వంచేశాడు. ఆ పదకొండు రోజులూ అలా కూచోబెట్టేవాళ్ళట. నాకు అప్పటిదాకా చెప్పనే లేదు.

ఆ మనిషి ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత ధైర్యం వచ్చినట్టుంది, బెత్తంతో ఆయన భుజం తట్టి, వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"కరీంనగర్? నక్సలైట్? లంక నుంచి తుపాకి కొనడానికి వచ్చావా?"

"లేదు సార్! టీచర్ను సార్ నేను, యాత్రకచ్చినం," అని నేను అరిచాను.

"నువ్వు మాట్లాడకు. ఏయ్, ఎవరి కోసం వచ్చావ్? ఎవరు పంపించారు? పేరు చెప్పు."

నాకు ఇప్పుడు తెలుసు, అది వాడు అందరినీ అడిగే మాటే. మా ఆయనకు మాత్రం అది పదకొండు రోజులు విన్న మాట. ఆయన పెదవులు కదిలాయి. మొదట శబ్దం రాలేదు. తర్వాత ఒక్కసారిగా వచ్చింది.

"మా అక్క సార్. సత్యవ్వ. చందుర్తి. మగ్గం గుంత లోతుగ తవ్వి అండ్ల దాచింది సార్, నలభై దినాలు. కాలుకు గోలీ తగిలినోడు సార్, పాపమని దాచింది. మీరు ఎతకనీకి అచ్చినప్పుడు పైన కూసుండి నేసింది. అంగి నేను కుట్టిచ్చిన. అక్కను ఏం జెయ్యకున్రి సార్, ముండమోపిది, ఎవ్వలు లేరు. నన్ను దీస్కపోన్రి."

సత్యవ్వ వదిన! పెళ్ళయి నేను ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పుడు నా నెత్తిన నూనె పెట్టిన మనిషి. మొగుడు పోయినా పుట్టింటి మగ్గం మీదే తువ్వాళ్ళు నేసుకుని ఒంటరిగా బతుకుతున్న మనిషి. మొన్న దసరాకు కూడా ఆ మగ్గం పక్కనే కూచుని నేను సకినాలు తిని వచ్చాను. పోలీసులకు ఈ సంగతి తెలిస్తే చందుర్తి దాటకముందే ఆమెను చంపేసి, దళంలో మనిషని పేపర్లో వేస్తారు. అలా ఎంతమంది పోలేదు!

ఆ మనిషి "ఊఁ" అన్నాడు. జేబులోంచి నల్ల అట్ట డైరీ తీసి, పెన్ను తీసి, రాసుకున్నాడు. రెండు వరుసలు.

"స్టేషన్ నుంచి వైర్‌లెస్ చేస్తా," అన్నాడు.

"అక్కా, ఉన్నది ఇచ్చెయ్యండి. సార్ ఆ కాగితం చింపేస్తారు," అన్నాడు సామేలు.

బొడ్లో దోపుకున్న డబ్బంతా తీసి ఇచ్చాను. మా ఆయన గడియారం ఊడదీసి ఇచ్చాను. పుస్తెలు తీయబోతుంటే సామేలే వద్దన్నాడు. "కాగితం?" అన్నాను. "స్టేషన్లో చింపుతా," అని ఆ మనిషి డైరీ జేబులో పెట్టుకుని నడిచాడు. నేను మాట్లాడి వస్తానక్కా అని సామేలు కూడా పోయాడు. ఇద్దరూ దూరంగా ఆగి ఉన్న చేపల లారీ ఎక్కారు. నేను ఇసుకలో పడుతూ లేస్తూ కొంతదూరం పరుగెత్తాను. లారీ పోయింది.

మేం దిగిన సత్రానికి చేరేసరికి రెండయింది. బస్సు అయిదింటికి మదురై బయలుదేరాలి. జరిగింది విని సాయన్న తల కొట్టుకున్నాడు. పేరు సంగతి నేను చెప్పలేదు, డబ్బూ గడియారమూ పోయిన సంగతే చెప్పాను.

"దొంగపోలీసోళ్ళమ్మా! టీచరమ్మా, నువ్వే మోసపోయినవా? ఇగ మా అసొంటోళ్ళ గతేంది?"

బస్సులో అందరూ పాపం పాపం అన్నారు. ఆ నోటుబుక్కు ఎటు పోయిందని ఒకాయన ఎగతాళి కూడా చేశాడు. నాకు కోపం రాలేదు. ఆ మాట ఇంకోసారి అంటే బాగుండుననిపించింది.

"దొంగోడే అంటవా సాయన్నా? ఖాయమేనా?"

"దొంగోడే గావచ్చు. అసలు పోలీసైతే పైసలెందుకు గుంజుకుంటడు?"

సాయన్న ఎప్పుడూ పోలీసుల చేతిలో పడలేదు. మా ఇంట్లో వెతకడానికి వచ్చినవాళ్ళు పోతూ పోతూ రెండు కోళ్ళూ, మిషన్ మీది కొత్త ప్యాంటు గుడ్డా పట్టుకుపోయారు. వాళ్ళు అసలు పోలీసులే. డబ్బు తీసుకున్నంత మాత్రాన వాడు దొంగ అని నేనెట్లా నమ్మేది?

"నడువు, స్టేషన్ల కంప్లేంటు ఇద్దాం," అని సాయన్న చెప్పులు తొడిగాడు.

"వద్దు!" అని అరిచాను. అందరూ నన్ను వింతగా చూశారు. వాడు అసలు పోలీసైతే నేను నడిచిపోయేది వాడి దగ్గరికే. వాడు దొంగైతే, మీ ఆయనను ఏమడిగాడు, ఏం చెప్పాడు అని అసలువాళ్ళు అడుగుతారు. ఎటు తిరిగినా వదిన పేరు ఆ గుమ్మంలోకి పోతుంది. లోకంలో మోసపోయినవాళ్ళందరూ పోలీసుల దగ్గరికి పోతారు, నాకు ఆ దారి కూడా లేదు.

మా ఆయన బస్సులో చివరి సీట్లో ముడుచుకుని కూచున్నాడు. నేను పక్కన కూచోగానే అడిగాడు.

"నేను జెప్పిన్నా రాజమణీ? నోటితోని జెప్పిన్నా?"

అవునన్నట్టు తల వంచుకున్నాను.

"ఆడ కొట్టంగ అల్లు పోగులు లెక్కబెట్టుకున్ననే. మా అక్క మగ్గం మీది పోగులు. ఒకటి, రెండు, మూడు, గట్లనే పదకొండు దినాలు. ఆడ తయారుగ ఉంటి. ఈడ నవ్విన గద! నవ్వి అంత ఇడిసిపెట్టిన," అన్నాడు.

ఆ మాట విన్నాక నేను బస్సులో కూచోలేకపోయాను. దేవుడా, వాడు దొంగ కావాలి, మమ్మల్ని నిలువునా ముంచిన దొంగే కావాలి అని మొక్కుకుంటూ చెప్పుల్లేకుండానే బజారులో పడ్డాను.

సామేలు ఎక్కడా లేడు. అడిగితే ఒక్కడూ తెలియదన్నాడు. గుడి నాలుగు వీధులూ తిరిగాను, బస్టాండు తిరిగాను. పోలీసు స్టేషన్ ముందు రోడ్డుకు అవతలి పక్కన ఒక కొబ్బరిబొండాల బండి చాటున నిలబడి లోపలికీ బయటికీ పోయేవాళ్ళను చూశాను. ఖాకీ ప్యాంటు కనిపించినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చింది. వాడు అందులోంచి రాలేదు. రాకపోతే మాత్రం? లోపలే కూచుని వైర్‌లెస్ చేస్తున్నాడేమో! నాలుగు దాటింది.

అక్కడినుంచి సముద్రం వైపు నడిచాను. శంఖాలు అరగదీసే కొట్టాలు వరసగా ఉన్నాయి. ఒక కొట్టం గుమ్మానికి మేకుకు తాళ్ళతో ఎర్ర బూట్లు వేలాడుతున్నాయి. లోపల లుంగీ కట్టుకుని, చొక్కా లేకుండా, ఒకడు శంఖాన్ని రాతి మీద పెట్టి రుద్దుతున్నాడు. వాడి చేతికి మా ఆయన గడియారం ఉంది.

నన్ను చూసి వాడు దిగ్గున లేచాడు. మొహం పాలిపోయింది. అయినా బెత్తం అందుకున్నాడు.

"ఏయ్! ఎందుకొచ్చావ్? స్టేషన్‌కు తీసుకెళ్తా!"

సరే నడువు అనాలి. వాడు దొంగైతే ఆ ఒక్క మాటతో తేలిపోతుంది. నా నాలుక ఆ మాట పలకలేకపోయింది. మఫ్టీలో ఉండేవాళ్ళు ఏ వేషమైనా వేస్తారు, మా ఊళ్ళో ఐస్‌క్రీం అమ్ముకుంటూ ఆరునెలలు తిరిగిన పోలీసును నేనే చూశాను. వీడు కూడా అలాంటివాడైతే?

రెండు చేతులూ జోడించాను. "నాయనా, నువ్వు దొంగవే గదా?" అన్నాను.

"ఏం మాట్లాడుతున్నావ్? నేను సీఐడీ!"

"కాదు నాయనా, దొంగవే. పైసలు నీకే. గడియారం నీకే. నేనెవ్వలకు జెప్ప. దొంగనని ఒక్కపారి అను, నీ కాల్మొక్త."

"పోలీస్! నేను పోలీస్!" అని వాడు గట్టిగా అరిచాడు. వాడి భయం వాడిది. పట్టిస్తానేమోనని వాడు ఎంత గట్టిగా పోలీసునంటే నాకు అంత ఊపిరి ఆడలేదు. నేలమీద కూలబడ్డాను. వాడి కాళ్ళు పట్టుకుని బావురుమన్నాను. "నువ్వు పోలీసువైతే మా వదిన సచ్చినట్టేరా! దొంగవైతే నీకు పుణ్యముంటదిరా! జెప్పరా!"

వాడికి ఎంత అర్థమయిందో తెలియదు. మోసపోయినవాళ్ళు తిడతారు, కొట్టవస్తారు. ఇలా కాళ్ళు పట్టుకున్న మనిషిని వాడు చూసి ఉండడు. బెత్తం కింద పడేశాడు. మేకుకున్న చొక్కా జేబులోంచి నల్ల డైరీ తీసి నా ఒళ్ళోకి విసిరాడు. తీసుకుపో అన్నట్టు చెయ్యి ఊపాడు.

పేజీ తిప్పాను. అది అరవం రాతేనేమో, నాకు అరవం రాదు కదా, ఏం తెలుస్తుంది అనుకున్నాను. కానీ చూడగానే తెలిసిపోయింది. ఒక సున్నా, ఒక కొక్కెం, మళ్ళీ సున్నా, మళ్ళీ కొక్కెం, వరస చివరిదాకా అవే. ముందు పేజీలో అవే. ఆ ముందు పేజీలోనూ అవే. పదహారేళ్ళుగా చూస్తున్నాను నేను ఈ రాతను. అక్షరాలు ఇంకా రాని పిల్లలు, పెద్దవాళ్ళలాగా గబగబా రాస్తున్నామని పలక మీద గీసి నా ముందుకు తెచ్చే రాత ఇది.

"రాయ రాదా నీకు?" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. "బడికి పోలేదమ్మా," అన్నాడు. ఆ గొంతు పోలీసుది కాదు.

నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. వాడి తల మీద చెయ్యి పెట్టి, సల్లగుండు కొడుకా అన్నాను. ఆ పేజీ చింపుకుని బస్సు దగ్గరికి పరుగెత్తాను. గడియారం అడగడం కూడా మరచిపోయాను.

సాయన్న బస్సుకు అడ్డంగా నిలబడి నా కోసం చూస్తూ తిట్టుకుంటున్నాడు. ఎవరి మాటా వినకుండా చివరి సీటు దాకా పోయి మా ఆయన చేతిలో కాగితం పెట్టాను.

"దొంగోడే! రాయనే రాదు ఆనికి! సూడు, ఉత్త గీతలు! మోసపోయినమయ్యా, మంచిగ మోసపోయినం!" అన్నాను.

ఆయన ఆ గీతలను వేలితో తడుముతూ చాలాసేపు చూశాడు. ఇక నవ్వుతాడనుకున్నాను. నా మొహం వంక చూశాడు.

"ఆడు రాస్కోలే. నువ్వు విన్నవ్ గద!" అన్నాడు.

బస్సు కదిలింది. ఆ మాట నాకు అందడానికి పాంబన్ వంతెన దాకా పట్టింది. రెండేళ్ళు నాకు కూడా చెప్పకుండా ఎందుకు దాచాడో అప్పుడు అర్థమయింది. నామీద నమ్మకం లేక కాదు. నన్ను అడిగినప్పుడు నా దగ్గర ఏమీ ఉండకూడదని. నాకేం ఎరుక లేదన్న మాట నా నోట నిజంగా ఉండాలని. నా నోటి దురదతో ఆ ఒక్క ఆసరా కూడా నేనే పోగొట్టుకున్నాను. వంతెన మీద కాగితాన్ని ముక్కలు చేసి కిటికీలోంచి వదిలాను. నా చెవిలో పడింది మాత్రం ఎక్కడ వదలను?

నాలుగో రోజు పొద్దున బస్సు సిరిసిల్లలో దిగేవాళ్ళను దించి, చందుర్తి మీదుగా కోరుట్ల పోయే దారి పట్టింది. చందుర్తి చివర రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి పోలీసులు ఆపారు. వీళ్ళు అసలువాళ్ళని ఎవరూ చెప్పనక్కర్లేదు. అందరినీ దించి వరసగా నిలబెట్టారు. ఒక కుర్ర ఎస్సై కుర్చీలో కూచుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని పేర్లు రాసుకుంటున్నాడు. చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు.

నా వంతు వచ్చింది. మా ఆయన నా వెనక నిలబడి ఉన్నాడు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది.

"కోరుట్ల దశరథం భార్యవు గదమ్మా? టీచరువు. మీ ఆడబిడ్డది చందుర్తేనా?"

"అవును సార్."

"ఒక్కతే ఉంటదట గదా. ఆ ఇంటికి ఎవరన్న వచ్చుడు, పోవుడు, నీకేమన్న తెలుసా?"

మూడుసార్లు చెప్పిన మాటే. ఈ నాలుగోసారి గొంతులో అడ్డం పడింది. పోగులు లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు.

"నాకేం ఎరుక లేదు సార్," అన్నాను.

ఎస్సై ఒకసారి తలెత్తి నన్ను చూశాడు. తర్వాత వంగి రాసుకున్నాడు. నా పేరు, మా వదిన పేరు, ఊరు. తలకిందులుగా ఉన్నా నేను చదవగలను. గుండ్రటి అక్షరాలు, ఒక్క ఒత్తు తప్పులేదు. ఎవరో మంచి టీచరే నేర్పి ఉంటారు.